ఎడమ చెవిలో గుసగుస

ఆఫీసులో నన్ను కత్తెరమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, వెనక అనుకునేది నా చెవిన పడకుండా ఉండేంత పెద్ద ఆఫీసు కాదు మాది. మేం తయారుచేసేది టైపింగ్ సాఫ్ట్‌వేర్. ఉత్తరాలు, నివేదికలు, పుస్తకాలు, ఏవైనా అందులో రాసుకోవచ్చు. ఏడాదికోసారి దానిలోంచి ఎవరూ వాడని సదుపాయాలను ఏరి పారేసే కమిటీకి నేను పెద్దని. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకు కొంచెం ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు ఎవరైనా అంటే పీక నొక్కాలనిపిస్తుంది.

మా అక్క కోర్టులో టైపిస్టు. సాక్షులు చెప్పేదంతా రికార్డవుతుంది. దాన్ని వింటూ అక్షరం పొల్లుపోకుండా టైపు చేయడం ఆమె పని. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే సాక్షి మాట్లాడతాడు, వదిలితే ఆగిపోతాడు. "పెద్ద పెద్దవాళ్ల నోరు కాలితో మూయించే ఉద్యోగం ఇంకెవరికి దొరుకుతుందే" అని నవ్వేది. ఆ పనిలో చేరిన ఆరేళ్లకు ఆమె చూపు తగ్గడం మొదలైంది. ముప్పై రెండేళ్లు వచ్చేసరికి పూర్తిగా పోయింది. పెళ్లి మాట ఆమె ఎత్తనివ్వలేదు, నా పెళ్లి నిలబడలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమెకు ఆ ఉద్యోగం జీతం కోసం మాత్రమే కాదు. చూపు పోయిన మనిషి అని కాకుండా, తప్పు రాయని టైపిస్టు అని నలుగురూ తనను గుర్తుపెట్టుకునే చోటు అదొక్కటే.

చూపు పోయాక ఆ చోటు నిలిచింది ఒక ప్లగిన్ వల్ల. ప్లగిన్ అంటే బయటివాళ్లెవరో రాసిన చిన్న ముక్క. మా సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకుంటే అందులో లేని పని చేసిపెడుతుంది. దీని పేరు గుసగుస. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, చూపు మందగించిన తన భార్య ఉత్తరాలు రాసుకోవాలని దీన్ని తయారుచేశాడు. మనం టైపు చేసిన మాటను అది వెంటనే చిన్న గొంతుతో తిరిగి చెబుతుంది. అంకెలొస్తే ఒక్కొక్కటీ విడివిడిగా చెబుతుంది. వాడుకలో లేని మాట పడితే చిన్నగా దగ్గుతుంది. ఆ దగ్గు మాస్టారి సొంత దగ్గే, రికార్డు చేసి పెట్టాడు.

రెండు చెవుల్లోనూ అది మాట్లాడితే సాక్షి మాట వినబడటం లేదని అక్క ఆయనకు ఉత్తరం రాసింది. మూడో రోజుకల్లా ఎడమ చెవిలోనే పలికేలా మార్చి పంపాడు. కుడి చెవిలో సాక్షి, ఎడమ చెవిలో గుసగుస. అక్క అలా పదేళ్లు పనిచేసింది. ఆ సెక్షన్లో అందరికంటే తక్కువ తప్పులు ఆమెవే.

వచ్చిన చిక్కల్లా మాతోనే. మేం కొత్త వెర్షన్ వదిలినప్పుడల్లా గుసగుస మూగబోయేది. మాస్టారు కూర్చుని దాన్ని సరిచేసేదాకా అక్క సెలవు పెట్టాలి. ఒకసారి నాలుగు రోజులు, ఇంకోసారి వారం. మూడోసారి మాస్టారికి ఆపరేషన్ జరిగి ఇరవై మూడు రోజులు పట్టింది. అప్పుడు వాళ్ల సూపరింటెండెంట్ అక్కను పిలిచి, "మీ పనికి వంక పెట్టడం లేదమ్మా. కానీ మీ పని మీ చేతుల్లో లేకపోతే నేనేం చేయను చెప్పండి?" అన్నాడట. ఆ మాటను అక్క గిన్నెలు తోముతూ, అదేదో తమాషా మాటలా నాకు చెప్పింది. తప్పు మాది, మాట పడింది ఆమె.

గుసగుసను మా సాఫ్ట్‌వేర్‌లోనే కలిపేయాలని ఆ రోజే తీర్మానించుకున్నాను. కలిపేస్తే మాతోపాటే పరీక్షకు నిలబడుతుంది, మాతోపాటే బయటికి వెళుతుంది, ఇక మూగబోయే మాటే ఉండదు. మా ఆఫీసులో అందరికంటే సీనియర్, మేం పెద్దాయన అని పిలిచే మనిషి, దీనికి అడ్డుపడ్డాడు.

"బయట బాగా ఆడుతున్న ప్రతిదాన్నీ లోపలికి తెచ్చుకుంటూ పోతే ఎలాగమ్మా? తెచ్చుకున్నాక జన్మంతా మేపాలి. బయట ఉంటే దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకునే మనిషి ఒకడైనా ఉంటాడు."

"ఆ ఒక్క మనిషి ఆసుపత్రిలో పడితేనో?" అన్నాను. "లక్షలమంది విడిగా తెచ్చి తగిలించుకోవాల్సి వస్తోందంటే అది మన లోటండీ, వాళ్ల సరదా కాదు."

అది నిజమే. ఇప్పటికీ నిజమేనని అంటాను. గుసగుస ప్లగిన్లన్నిటిలో మూడో స్థానంలో ఉండేది. పుస్తకం చూస్తూ టైపు చేసుకునే విద్యార్థులు, ప్రూఫ్‌రీడర్లు, చూపున్నవాళ్లు కూడా తెగ వాడేవాళ్లు. ఆ అంకెలన్నీ గోడ మీద వేసి చూపించాను. ఏడాది పోట్లాడి గెలిచాను. మా అక్క సంగతి మాత్రం అక్కడ ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. ఇంటి మనిషి కోసం ఆరాటపడుతోందని అనిపించుకోవడం నాకు చచ్చేంత నామోషీ.

మాస్టారి అనుమతి కోసం నేనే వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భార్య పోయి అప్పటికి రెండేళ్లయింది. కిటికీ పక్కన బల్ల, దాని మీద కంప్యూటరు, పక్కనే అట్టపెట్టె నిండా వాడుకరుల ఉత్తరాలు. కాగితం మీద ముద్రించి దాచుకునేవాడు. నేను చెప్పింది చివరిదాకా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మాయ్, నా దగ్గర ఉన్నన్నాళ్లూ ఇది చెడిపోతే నన్ను తిడతారు. ఆ తిట్లు చదివి కూర్చుని బాగుచేస్తాను. మీ దగ్గరికొచ్చాక ఎవర్ని తిడతారు?"

"నన్ను తిడతారు మాస్టారూ. తిట్టడానికి మా ఇంట్లోనే ఒక మనిషుంది."

ఆయన నవ్వాడు. ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "దీన్ని వాడేవాళ్లు కీబోర్డు మీద ఏం నొక్కుతున్నారో మీరు లెక్కలు తీయకూడదు. కోర్టు కాగితాలు రాసేవాళ్లున్నారు, డాక్టర్ల ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. వాళ్ల వేళ్ల జోలికి వెళ్లనని మాటివ్వు." సరేనన్నాను. ఆఫీసుకు రాగానే ఆ మాటను నిలబెట్టే వరుసను ప్రోగ్రాంలో నా చేత్తో నేనే రాశాను. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

కొత్త వెర్షన్ వాళ్ల కోర్టుకు చేరిన రోజు అక్క ఫోన్ చేసింది. "ఒసే, ఏమీ తగిలించకుండానే మాట్లాడుతోందే ఇది!" వెనకనుంచి వాళ్ల సెక్షన్ వాళ్ల గొంతులు వినబడుతున్నాయి. మా చెల్లెలు చేసింది, మా చెల్లెలు చేసింది అని కనబడినవాళ్లందరికీ చెప్పుకుందట. మాస్టారు తన పాత ప్లగిన్‌ను అందరికీ అందే చోటునుంచి తీసేశాడు. రెండు ఉంటే జనం తికమకపడతారని నేనే అడిగాను.

మొదటి ఏడాది దగ్గు పోయింది. పెద్ద సంస్థ సాఫ్ట్‌వేర్ దగ్గితే బాగుండదన్నారు. నాకూ సబబే అనిపించింది, దాని బదులు ఒక గంట పెట్టించాను. పేరు కూడా పోయింది. గుసగుస అంటే చాడీలు చెప్పినట్టుందని ఎవరో అంటే, 'పలుకు సహాయం' అని మార్చారు. అక్క మాత్రం గుసగుస అనే అనేది.

రెండో ఏడాది, చూపున్న వాడుకరి ఎవరో ఫిర్యాదు పంపాడు. సౌండు ఒక వైపే వస్తోంది, చూడండి అని. మా కుర్రాళ్లలో ఒకడు దాన్ని చూసి, నిజమే కాబోలనుకుని, పది నిమిషాల్లో రెండు వైపులా వచ్చేట్టు 'బాగు' చేశాడు. అందరూ శభాష్ అన్నారు. ఆ ముక్క ఎందుకలా ఉందో తెలిసిన మాస్టారు అక్కడ లేడు, తెలిసిన నేను ఆ రోజు వేరే మీటింగులో ఉన్నాను. కొన్నాళ్లకు అక్క సంచిలో రెండు హెడ్‌ఫోన్లు కనిపించాయి. ఒకటి పాడైతే ఇంకోటి అనుకున్నాను గానీ, ఎందుకని అడగలేదు. సాక్షి రికార్డును వేరే యంత్రంలో పెట్టుకుని, దాని హెడ్‌ఫోన్‌ను కుడి చెవికి, కంప్యూటరుదాన్ని ఎడమ చెవికి అడ్డదిడ్డంగా తగిలించుకుని, మిగిలిన రెండు కొసలు మెడలో వేలాడేసుకుని ఎనిమిది గంటలు పనిచేస్తోందని నాకు చాలాకాలం తెలియదు. మాస్టారికైతే మర్నాడే ఉత్తరం రాసేది. చెల్లెలు చేసిన దానికి వంక పెట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ ఏడే ఇంకో పని కూడా చేశాం. టైపు చేసే మాటలు ఏ ప్లగిన్‌కూ అందకుండా తలుపు మూసేశాం. దొంగ ప్లగిన్లు ఎక్కువయ్యాయి, మూయక తప్పలేదు. "మరి పలుకు సహాయం లాంటివి ఎవరైనా రాసుకోవాలంటే?" అని పెద్దాయన అడిగితే, "అది లోపలే ఉంది కదండీ" అని ఠకీమని జవాబు చెప్పింది నేనే.

మూడో ఏడాది కమిటీ మీటింగు. పొద్దున పదకొండు గంటలు, పొడవాటి బల్ల, ఎనిమిదిమందిమి. జాబితాలో ముప్పై ఒక్క సదుపాయాలు. ఒక్కోదాన్నీ ఎంతమంది వాడుతున్నారో చదివి, అభ్యంతరాలున్నాయా అని అడగడం నా వంతు. ముందటి మీటింగులో ఒక సహోద్యోగి తాను రాసిన పేజీ అంచుల డిజైన్లు తీసేయొద్దని బతిమాలితే, "ఇష్టాలన్నీ ఇంట్లో పెట్టుకుని రండి. ఇక్కడ అంకె మాట్లాడుతుంది" అని అందరిముందూ అతని మొహం మాడ్చేశాను. ఆ మాట ఆఫీసంతా తిరిగింది.

పంతొమ్మిదోది చదివాను. "పలుకు సహాయం. వాడేవాళ్లు వందకు సున్నా పాయింట్ రెండు."

ఇంత తక్కువా అనుకున్నాను. చూపున్నవాళ్లు కొత్తగా వచ్చిన వేరే చదివే యంత్రాల వైపు పోయారని తెలుసు, అయినా ఇంత తక్కువా? పెద్దాయన కళ్లజోడు మీదుగా నా వైపు చూశాడు.

"ఇది మీరు పట్టుబట్టి తెచ్చిందే కదమ్మా?"

"అవునండీ."

"మరి మీరేమంటారు?"

అందరూ నన్నే చూస్తున్నారు. పేజీ అంచుల మనిషి మరీ శ్రద్ధగా చూస్తున్నాడు. ఉంచుదాం అంటే ఎందుకని అడుగుతారు. మా అక్కకు కావాలి అని చెప్పాలి. ఇష్టాలన్నీ ఇంట్లో పెట్టుకుని రమ్మన్నది ఎవరమ్మా అని ఒక్కరైనా నవ్వుతారు. అక్క ఎలాగోలా సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఏ కంప్యూటర్లోనైనా తెర చదివే గొంతు ఒకటి ఉంటుంది, దాంతో నెట్టుకొస్తుందిలే అనుకున్నాను. ఆ గొంతు రెండు చెవుల్లోనూ అరుస్తుందని, తెర మీద కనబడే ప్రతిదాన్నీ చదివి సాక్షిని మింగేస్తుందని నాకు తెలుసు. తెలిసీ అలా అనుకున్నాను.

"తీసేద్దాం. అంకె అలా ఉన్నప్పుడు ఉంచడం న్యాయం కాదు" అన్నాను.

"కత్తెరంటే కత్తెరే" అని ఎవరో మెల్లగా అన్నారు. దాన్ని పొగడ్తగా తీసుకున్నాను. ఇరవయ్యోది చదివాను.

రెండు నెలలకు కొత్త వెర్షన్ వాళ్ల కోర్టుకు చేరింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఒసే, గుసగుస పలకడం లేదే. నేనేమైనా తప్పు నొక్కానా?"

చూస్తానక్కా అని పెట్టేశాను. లెక్క తీసే ప్రోగ్రాం తెరిచాను. తెరవగానే కనబడింది, నా పేరు, మూడేళ్ల కిందటి తేదీ, దాని కింద మాస్టారికిచ్చిన మాట. కీబోర్డు మీద నొక్కేవి లెక్కలోకి రావు. మౌసుతో మెనూలోకి వెళ్లి నొక్కితేనే లెక్క. చూపు లేనివాళ్లు మౌసు ముట్టుకోరు, అంతా కీబోర్డు మీదే. అంటే ఎవరికోసం ఆ సదుపాయం ఉందో వాళ్లలో ఒక్కరు కూడా ఆ అంకెలో లేరు. మా అక్క మూడేళ్లు రోజుకు ఎనిమిది గంటలు వాడితే మా లెక్కలో ఒక్కసారి కూడా వాడనట్టే. మీటింగులో నేను పైకి చదివి తీర్పు చెప్పిన అంకె అది.

పరుగున పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "నాకు అర్థమైందమ్మా. కానీ తిరిగి పెట్టాలంటే మళ్లీ అందరూ ఒప్పుకోవాలి. ఎంతమంది వాడుతున్నారని అడుగుతారు. ఏం చూపిస్తారు?" చూపించడానికి ఏమీ లేదు. లెక్కపెట్టనని మాటిచ్చింది నేనే. తర్వాతి ఏడాది పరిశీలనకు రాసుకున్నారు. పాత వెర్షన్ తిరిగి పెట్టుకోవచ్చా అని అక్క వాళ్ల ఆఫీసులో అడిగితే, కోర్టంతా కొత్తదానికి మారింది, ఒక్కరికోసం కుదరదన్నారు.

మళ్లీ మాస్టారి ఇల్లు. అట్టపెట్టె అక్కడే ఉంది, ఉత్తరాలు ఆగిపోయి మూడేళ్లయింది. నేను చెబుతున్నంతసేపూ ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పాత ప్రోగ్రాం నా దగ్గర భద్రంగానే ఉంది. ఆ తలుపు తీయండి, రెండు రోజుల్లో సరిచేసిస్తాను."

"తీయడం నా చేతుల్లో లేదు మాస్టారూ."

"మూయడం?"

నేను అట్టపెట్టె వైపు చూశాను.

"మరి ఇప్పుడు ఎవర్ని తిట్టమంటావమ్మా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

అక్క సెలవు పెట్టలేదు. తిరిగి చెప్పే గొంతు లేకుండా, వేళ్ల మీద నమ్మకంతో టైపు చేసింది. తెర చదివే గొంతుతో సాయంత్రాలు ఆఫీసులోనే ఉండిపోయి మొత్తం మళ్లీ వినేది. పద్నాలుగు రోజులు అలా నెట్టుకొచ్చింది. పదిహేనో రోజున ఒక సాక్షి చెప్పిన బండి నంబరులో ఒక అంకె తప్పుపడింది. ఆ గొంతు నంబర్లను కలిపి చదివేస్తుంది, మళ్లీ విన్నా అక్కకు పట్టుబడలేదు. ఆ బండి తాలూకు మనిషి అప్పటికే జైల్లో ఉన్నాడు. కాగితాలు ఒకదానితో ఒకటి పొసగలేదని కేసు వాయిదా పడి, విడుదల కావాల్సినవాడు ఇంకో పదమూడు రోజులు లోపలే ఉన్నాడు. ఎవడో ఏమో. అతని భార్య ఆ సెక్షన్ దాకా వచ్చి, ఇది టైపు చేసిందెవరని అడిగిందట. అక్క లేచి నిలబడి, నేనే అని చెప్పిందట. ఆ అమ్మాయి అక్క కళ్లను చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయిందట.

"తిట్టినా బాగుండేదే" అంది అక్క.

సూపరింటెండెంట్ మంచివాడే. ఉద్యోగం తీయలేదు. అక్కను గుమ్మం దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లకు ఏ గది ఎటో చెప్పాలి. చూపు లేని మనిషిని దారి చూపించే పనిలో పెట్టారు. అక్క ఒక్క రోజులో గదులన్నీ బట్టీపట్టింది. ఆమె కుర్చీలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటోంది.

మొదటి రోజు అక్కడినుంచి వచ్చి, చెప్పులు గుమ్మం పక్కన విప్పి, వంటింట్లో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను కాఫీ కలిపి ఇచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

"దాన్ని తీసేయాలని చెప్పింది ఎవరే?"

ఇన్నాళ్లూ మావాళ్లు, కమిటీ, ఆఫీసు అంటూ దాటేస్తూ వచ్చాను. ఇక దాటడానికి ఏమీ మిగల్లేదు.

"నేనే."

"నేను వాడుతున్నానని నీకు తెలుసు కదా."

"తెలుసు."

"మరి?"

"అంకె తక్కువ వచ్చిందక్కా. నేను వద్దంటే, మా అక్క కోసం అంటున్నాననుకుంటారని..."

అక్క కప్పును తడుముతూ బల్ల మీద పెట్టింది.

"అక్కనని చెప్పమని ఎవరన్నారే? టైపిస్టు ఒకావిడ ఉంది, ఆవిడ పనంతా దీనిమీదే నడుస్తోంది అంటే సరిపోయేది కదా. అది అబద్ధం కూడా కాదు."

మీటింగులో ఎనిమిదిమందిమి ఉన్నాం. అందరం చదువుకున్నవాళ్లమే. అంత చిన్న మాట ఎవరికీ తట్టలేదు, నాకు అసలే తట్టలేదు. నాకు అక్కే కనబడింది గానీ టైపిస్టు ఎప్పుడూ కనబడలేదు.

ఏడుపు ఆపుకోలేకపోయాను. చప్పుడు రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అయినా ఆమెకు వినబడే ఉంటుంది. నేను ఏడిస్తే ఎక్కడున్నా గోడలు తడుముకుంటూ వచ్చి నెత్తిన చెయ్యి వేసే మనిషి, ఆ సాయంత్రం కుర్చీలోంచి లేవలేదు.